132 కేవీ లైను, సబ్‌స్టేషను అంచనా: విజయవాడ–గుంటూరు నేలమీద అడుగడుగునా ఎలా వేయాలి

132 కేవీ సబ్‌స్టేషనుకు, దానికి వచ్చే లైనుకు అంచనా వేయడం ఎలాగో వివరంగా చెప్పమని కొత్తగా చేరిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), గుత్తేదార్ల దగ్గర ఎస్టిమేట్లు తయారుచేసే యువ ఇంజనీర్లు తరచూ అడుగుతున్నారు. రేట్ల పట్టిక అందరి దగ్గరా ఉంది, ఎక్సెల్ షీటూ ఉంది. అయినా పని సగానికి వచ్చేసరికి అంచనా సవరించక తప్పడం లేదు. నేను చూసినంతలో రేటు తప్పడం అరుదు, తప్పేది కొలత. నేల చూడకుండా, కాలువ ఏ నెలలో పారుతుందో అడగకుండా వేసిన కొలత ఎంత చక్కటి షీటులో పెట్టినా నిలబడదు.

లెక్క చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. కృష్ణకు దక్షిణాన, మంగళగిరి నుంచి తెనాలి వైపు వెళ్లే 12 కిలోమీటర్ల 132 కేవీ డబుల్ సర్క్యూట్ (ఒకే టవర్ల మీద రెండు సర్క్యూట్లు, ఒక్కోదానికి మూడు తీగలు) లైను, దాని చివర 2 ట్రాన్స్‌ఫార్మర్లతో ఒక 132/33 కేవీ సబ్‌స్టేషను. ఇది ఊహించుకున్న పని. అంకెలు పద్ధతి తెలియడానికే తప్ప ఎవరి అంచనాలోకీ నేరుగా ఎత్తి రాసుకోవడానికి కావు.

1. కలం పట్టకముందు చేతిలో ఉండవలసినవి

అంచనా మొదలుపెట్టేముందు ఈ కాగితాలు బల్లమీద ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ చోట ఊహ వచ్చి కూర్చుంటుంది.

☐ లోడు వివరాలు, సింగిల్ లైన్ డయాగ్రం, ఎన్ని బేలు (ఒక లైనుకో, ట్రాన్స్‌ఫార్మరుకో యార్డులో కేటాయించే పరికరాల వరుస), భవిష్యత్తుకు ఎన్ని వదలాలి అన్నది
☐ లైను బయలుదేరే పాత సబ్‌స్టేషను లేఅవుట్, అక్కడ ఖాళీ బేలు నిజంగా ఉన్నాయా అన్నది
☐ అమలులో ఉన్న ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక రేట్ల పట్టిక), అది ఏ సంవత్సరపు రేట్లతో తయారైందో
☐ టవర్ల, ఫౌండేషన్ల ఆమోదిత డ్రాయింగులు, వాటి బరువుల, ఘనపరిమాణాల పట్టికలు
☐ గ్రామ పటాలు, సర్వే నంబర్లు, ఆ గ్రామాల రిజిస్ట్రేషను విలువలు
☐ స్థలంలో పెద్ద వరద వచ్చినప్పుడు నీరు నిలిచిన మట్టం

రెండో అంశాన్ని చాలామంది దాటేస్తారు. కొత్త సబ్‌స్టేషనులో రెండు లైను బేలు రాసి, అటు చివర పాత సబ్‌స్టేషనులో పెట్టవలసిన రెండు బేలు మరచిపోయిన అంచనాలు నేను ఒకటికి మించి చూశాను. అటు పక్క రిలేలు (లోపం రాగానే లైనును విడదీయించే పరికరాలు) పాతవైతే, లైను రక్షణకు రెండు చివరలా పొంతన కుదిరే రిలేలు కూడా కొనవలసి వస్తుంది.

2. లైను దారి: మూడు దారులు గీసి, ఒకటి నడవాలి

ముందు ఉపగ్రహ చిత్రం మీద కనీసం మూడు ప్రత్యామ్నాయ దారులు గీయండి. తరువాత మంచిదనిపించిన దారిని మొదటి నుంచి చివరి దాకా నడిచి చూడండి. జీపులో వెళ్లి రోడ్డు దాటే చోట్ల మాత్రమే దిగడం నడక కిందికి రాదు. చిత్రంలో ఖాళీగా కనిపించిన చోట కొత్త లేఅవుటు రాళ్లు పాతి ఉంటాయి, గుంటూరు చుట్టుపక్కలైతే మిర్చి కోల్డ్ స్టోరేజీ గోడలు లేస్తూ ఉంటాయి.

నడిచేటప్పుడు చూడవలసినది మలుపు. డబుల్ సర్క్యూట్ లైనులో 2 డిగ్రీల వరకు ‘ఏ’ రకం, 15 వరకు బీ రకం, 30 వరకు సీ రకం, 60 వరకు, లైను చివరలకూ డీ రకం టవర్లు వాడతారు. ఒక ‘ఏ’ రకం టవరుకు తీగను వేలాడదీసే 6 సస్పెన్షన్ స్ట్రింగులు (ఇన్సులేటరు డిస్కుల గొలుసులు) చాలు. మలుపు వచ్చి అది తీగ లాగుడును మోసే టెన్షన్ టవర్ అయిందంటే 12 స్ట్రింగులు కావాలి, టవరు బరువు పెరుగుతుంది, ఫౌండేషను పెరుగుతుంది. ఎవరి తోటనో తప్పించడానికి వేసిన ఒక మలుపు తిరిగి దారిలోకి రావడానికి మరో మలుపు అడుగుతుంది. కాబట్టి ఆ తోట పరిహారం ఎంత, రెండు మలుపుల ఖర్చు ఎంత అని పక్కపక్కన రాసి చూసిన తరువాతే నిర్ణయించాలి.

పటం మీది పొడవును ఎప్పుడూ అంచనా పొడవుగా తీసుకోవద్దు. మన ఉదాహరణలో పటం మీద 11.4 కిలోమీటర్లు వచ్చింది, ఊళ్లు, చెరువులు, లేఅవుట్లు తప్పించి నడిస్తే 12 అయింది.

3. నేల: ఒకే ప్రాంతంలో మూడు రకాలు

మన ప్రాంతంలో అంచనాను నిలబెట్టేదీ పడగొట్టేదీ నేలే. మంగళగిరి, ఉండవల్లి, కొండపల్లి దగ్గర రాయి తగులుతుంది. గుంటూరు, ప్రత్తిపాడు, చిలకలూరిపేట వైపు ఎండితే నెర్రెలు విచ్చి, తడిస్తే ఉబ్బే నల్లరేగడి. దుగ్గిరాల, తెనాలి వైపు డెల్టా ఒండ్రు, కాలువలు పారే రోజుల్లో గజం లోతులోనే నీరు. ఒకే 12 కిలోమీటర్ల లైనులో రాయి నుంచి నీటి దాకా అన్నీ రావచ్చు. ఒకే రకం ఫౌండేషను అనుకుని మొత్తం టవర్లతో గుణించడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో డెల్టా పొలాల మీదుగా వెళ్లే ఒక లైనుకు మే నెలలో ట్రయల్ పిట్లు (నేల చూడడానికి తవ్వే పరీక్ష గుంటలు) తీయించాను. పిట్లన్నీ పొడిగా ఉన్నాయి. కూలీ గునపం దించితే మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచింది, మూడు మీటర్ల దాకా చెమ్మ తప్ప నీరు లేదు. సగానికి పైగా టవర్లకు డ్రై ఫౌండేషను రాశాను. కాలువలు కట్టేసిన రోజులవి అన్న సంగతి నాకు తట్టలేదు. పని ఆగస్టులో మొదలైంది. అప్పటికి నాట్లు పడి, కాలువలు నిండుగా పారుతున్నాయి. అదే పొలంలో మీటరు లోతుకే నీరు ఉబికింది, గోడలు జారాయి, పంపులు రాత్రింబగళ్లు నడిచాయి. డ్రై రకాలన్నీ వెట్‌గా (నీరు తగిలే నేలకు), కొన్ని ఫుల్లీ సబ్‌మర్జ్‌డ్‌గా (పూర్తిగా నీటిలో ఉండేవిగా) మార్చి సవరించిన అంచనా పెట్టవలసి వచ్చింది. ఆ పక్క పొలం రైతును ఒక్క మాట అడిగి ఉంటే, శ్రావణంలో అక్కడ బావిలో చేత్తో నీళ్లు ముంచుకోవచ్చని చెప్పేవాడు.

అందుకే:

☐ ప్రతి మలుపు టవర్ దగ్గరా, మధ్యలో నేల మారిన ప్రతి చోటా ట్రయల్ పిట్ తీయించాలి
☐ పిట్ తీసిన తేదీ, ఆ రోజు కాలువ పారుతోందా అన్నది రాయాలి
☐ వేసవిలో తీస్తే, వానాకాలపు నీటి మట్టం చుట్టుపక్కల బావులను బట్టి, రైతులను అడిగి రాయాలి
☐ నల్లరేగడిలో తవ్విన మట్టితోనే పూడ్చకూడదు. బయటి మట్టి తెచ్చే దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి
☐ నదిలో, లంకల్లో పడే టవర్లకు పైల్ ఫౌండేషను. దీనికి బోరు పరీక్ష లేకుండా అంకె వేయవద్దు

4. టవర్లు, తీగ, ఇన్సులేటర్లు: లెక్క ఇలా సాగుతుంది

మొదటి అంచనాకు సగటు స్పాన్ (రెండు టవర్ల మధ్య దూరం) 300 మీటర్లు అనుకుంటే 12,000 మీటర్లకు 40 స్పాన్లు, 41 టవర్లు. అయితే రోడ్డు, రైలు, కాలువ దాటే చోట్ల స్పాన్లు కుదించవలసి వస్తుంది కనుక నేల ఎత్తుపల్లాల ప్రొఫైల్ గీసి, సాగ్ (తీగ కిందికి వేలాడే వంపు) టెంప్లేటు పెట్టి చూశాక 44 వచ్చాయనుకుందాం. అందులో 30 ‘ఏ’ రకం, 14 టెన్షన్ రకాలు.

తీగ: 132 కేవీకి సాధారణంగా వాడే పాంథర్ ఏసీఎస్ఆర్ (నడుమ ఉక్కు ఉన్న అల్యూమినియం తీగ) కిలోమీటరుకు 974 కిలోలు. డబుల్ సర్క్యూట్‌లో 6 తీగలు. 12 × 6 = 72 కిలోమీటర్లు. సాగ్, జంపర్లు (టెన్షన్ టవరు దగ్గర రెండు వైపుల తీగలను కలిపే ముక్కలు), వృథా కలిపి 2 శాతం చేరిస్తే సుమారు 73.5 కిలోమీటర్లు, అంటే దాదాపు 71.6 టన్నులు. పొడవు, బరువు రెండూ రాయండి: తీగ కిలోమీటర్లలో కొంటారు, రవాణా టన్నుల్లో లెక్కిస్తారు.

ఇన్సులేటర్లు: 30 టవర్లకు 6 చొప్పున 180 సస్పెన్షన్ స్ట్రింగులు, ఒక్కోదానికి 9 డిస్కులైతే 1,620. 14 టవర్లకు 12 చొప్పున 168 టెన్షన్ స్ట్రింగులు, 10 డిస్కుల చొప్పున 1,680. రెండు చివరలా గ్యాంట్రీల (సబ్‌స్టేషనులో లైను వచ్చి దిగే చట్రాలు) మీద 12 స్ట్రింగులు, 120 డిస్కులు. మొత్తం 3,420. పగిలే వాటికి 3 శాతం కలిపితే 3,523. గ్యాంట్రీ స్ట్రింగుల విషయంలో జాగ్రత్త అవసరం. లైను అంచనా వేసినవారు అవి సబ్‌స్టేషనువని, సబ్‌స్టేషను అంచనా వేసినవారు అవి లైనువని వదిలేస్తారు. ఎవరు రాశారో ముందే తేల్చుకోండి.

డ్యాంపర్లు (గాలికి తీగ వణకకుండా బిగించేవి) తీగకు టవరుకు రెండు వైపులా ఒక్కొక్కటి చొప్పున 44 × 6 × 2 = 528.

చిన్న సామాను విషయంలో చిన్నచూపు వద్దు. డేంజర్ బోర్డులు, నంబరు ప్లేట్లు, ఫేజ్ ప్లేట్లు, సర్క్యూట్ ప్లేట్లు, ఎక్కకుండా కట్టే ముళ్ల తీగ, టవరు ఎర్తింగ్, ఇవన్నీ టవర్ల సంఖ్యతోనే పెరుగుతాయి. ఎర్త్ వైరు బదులు ఓపీజీడబ్ల్యూ (లోపల ఆప్టికల్ ఫైబర్ ఉన్న ఎర్త్ వైరు) వేస్తే జాయింట్ బాక్సులు, రెండు చివరలా కమ్యూనికేషను పరికరాలు కూడా రాయాలి.

5. ఫౌండేషన్ల పట్టిక

ఇక్కడ ఒకే ఒక్క పట్టిక చాలు: నిలువుగా టవరు రకాలు, అడ్డంగా నేల రకాలు, గడిలో ఎన్ని టవర్లో. ఆ గడిని ఆమోదిత డ్రాయింగులోని తవ్వకం, కాంక్రీటు, స్టీలు పరిమాణాలతో గుణించండి. అన్ని గడుల మొత్తం 44 రాకపోతే ముందుకు వెళ్లవద్దు.

నీరున్న చోట పంపు గంటలు, షోరింగు (గుంట గోడలు జారకుండా పెట్టే ఆపు), కాలువ గట్టు మీదుగా బండి వెళ్లని చోట సామాను తలమీద మోసే దూరం వేరుగా రాయాలి. డెల్టాలో చివరిది నిజమైన ఖర్చు. వరి పొలం మధ్యన పడిన టవరుకు కంకర, సిమెంటు, ఇసుక, నీరు అన్నీ గట్ల మీదుగానే చేరాలి.

6. సబ్‌స్టేషను: బే ఒక కొలత, యార్డు మరో కొలత

సబ్‌స్టేషను పరికరాలను బేలుగా లెక్కించడం తేలిక. మన ఉదాహరణలో 132 కేవీ వైపు 2 లైను బేలు, 2 ట్రాన్స్‌ఫార్మర్ బేలు, 1 బస్ కప్లర్ బే. ప్రతి బేకు బ్రేకరు, ఐసొలేటర్లు (ఎర్త్ బ్లేడు ఉన్నవి, లేనివి వేరుగా), సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు), లైను బేకు సీవీటీలు (వోల్టేజి కొలిచేవి), అరెస్టర్లు (పిడుగు తాకిడిని నేలలోకి పంపేవి), పోస్ట్ ఇన్సులేటర్లు, వాటి స్ట్రక్చర్లు, ఫౌండేషన్లు, కంట్రోల్ రిలే ప్యానెలు, కేబులు. 33 కేవీ వైపు కూడా ఇదే క్రమం. కంట్రోల్ రూము, బ్యాటరీ, చార్జరు, స్టేషను ట్రాన్స్‌ఫార్మరు, యార్డు దీపాలు ఉమ్మడి ఖర్చు. 10 ఎంవీఏ, అంతకు పైబడిన ట్రాన్స్‌ఫార్మర్లకు నైట్రోజన్ ఇంజెక్షను వంటి అగ్నిమాపక ఏర్పాటు తప్పనిసరి కనుక దాన్ని ట్రాన్స్‌ఫార్మరు పక్కనే రాయండి. ఆయిలు గుంట, రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య గోడ కూడా అక్కడే రావాలి.

సబ్‌స్టేషను అంచనాల్లో ఎక్కువగా తప్పేది నేల మట్టం లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద పారింది. ఆ మట్టాలు ఇళ్ల గోడల మీద మరకలుగా కనిపించాయి. స్థలం ఎంచుకున్న రోజునే అలాంటి మరక ఎక్కడుందో చూసి, దానికంటే పైన యార్డు మట్టం పెట్టాలి. 4 ఎకరాల స్థలాన్ని 1.2 మీటర్లు ఎత్తు చేయాలంటే 4 × 4,047 × 1.2, అంటే దాదాపు 19,400 ఘనమీటర్ల మట్టి, అదీ దిమ్మిస చేసిన తరువాత కొలత. తవ్వి తెచ్చే వదులు మట్టి ఇంతకంటే ఎక్కువ కావాలి. గ్రావెల్ ఎక్కడి నుంచి, ఎన్ని కిలోమీటర్ల లీడ్‌లో (మోసే దూరంలో) వస్తుందో లీడ్ స్టేట్‌మెంటులో స్పష్టంగా రాయండి. చుట్టూ గోడ కూడా అంత ఎత్తు మట్టిని ఆపే గోడ కావాలి, మామూలు ప్రహరీ రేటు సరిపోదు.

ఎర్త్ మ్యాటు (యార్డు కింద పాతే ఇనుప వల): నేల రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) నాలుగు కడ్డీల పద్ధతిలో, పొడి రోజుల్లో కొలవాలి. ఎక్కువ వచ్చేది అప్పుడే. 75 × 8 మిల్లీమీటర్ల ఇనుప ఫ్లాటు మీటరుకు 4.71 కిలోలు. డిజైనులో 3,000 మీటర్లు వస్తే 14.13 టన్నులు. బరువు రాయకుండా మీటర్లలో వదిలితే రేటు ఏ కొలతకో తెలియక బిల్లు దగ్గర గొడవ అవుతుంది. యార్డు మొత్తం మీద పరిచే కంకర పొర మరవవద్దు.

ఇంకో మాట. ట్రాన్స్‌ఫార్మరు లోబెడ్ ట్రెయిలరు మీద వస్తుంది. హైవే దిగాక మన డెల్టా రోడ్ల మీద మైలుకో పంట కాలువ కల్వర్టు. ట్రెయిలరు దారిలోని ప్రతి కల్వర్టును చూసి, బలహీనంగా ఉన్నవాటికి బలోపేతం ఖర్చు రాయాలి.

7. దాటవలసినవి, అనుమతులు

రైల్వే లైను దాటే చోట రెండు పక్కలా బరువైన టెన్షన్ టవర్లు, లైను పట్టాలకు వీలైనంత లంబంగా దాటడం, రైల్వేకు కట్టే చార్జీలు, పర్యవేక్షణ రుసుము, పని చేసేటప్పుడు తీసుకునే బ్లాకులు (రైళ్లు ఆపే సమయాలు), ఇవన్నీ కలిసి ఒక్క క్రాసింగే ఒక చిన్న అంచనా అవుతుంది. విజయవాడ, తెనాలి మధ్య రద్దీ లైను కనుక బ్లాకు దొరికే వరకు గ్యాంగు ఖాళీగా కూర్చునే రోజులు కూడా ఉంటాయి.

☐ ఎన్‌హెచ్–16, ఎన్‌హెచ్–65 దాటితే జాతీయ రహదారుల అనుమతి
☐ బందరు కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ వంటివి దాటితే జలవనరుల శాఖ అనుమతి
☐ గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల అయితే టవరు ఎత్తుకు అనుమతి
☐ టెలికాం లైన్లకు పీటీసీసీ (విద్యుత్, టెలికాం సమన్వయ కమిటీ) అనుమతి
☐ దారిలో ఉన్న 33, 11 కేవీ లైన్లు ఎత్తడానికి, మార్చడానికి అయ్యే ఖర్చు

8. రైతు పరిహారం: ఒక్క వరుసతో సరిపెట్టవద్దు

ఇదివరకు అంచనాల్లో "పంట, చెట్ల పరిహారం" అని ఒక ముద్ద మొత్తం రాసి ఊరుకునేవారు. ఇప్పుడు అది కుదరదు. కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాల ప్రకారం టవరు కాళ్ల కింది స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది కారిడారుకు గ్రామీణ ప్రాంతాల్లో 30 శాతం పరిహారం లెక్క. రాష్ట్రంలో అమలులో ఉన్న ఉత్తర్వు చేతిలో పెట్టుకుని, ఆ శాతాలనే వాడండి. లెక్క ఎంత పెద్దదో చూడండి.

132 కేవీకి కారిడారు వెడల్పు 27 మీటర్లు. కిలోమీటరుకు 27,000 చదరపు మీటర్లు, అంటే 6.67 ఎకరాలు. 12 కిలోమీటర్లకు 80 ఎకరాలు. ఎకరా 40 లక్షలు అనుకుంటే 30 శాతం చొప్పున 9 కోట్ల 60 లక్షలు. టవరు కాళ్ల మధ్య 6 మీటర్లు, చుట్టూ మీటరు కలిపితే 8 × 8 = 64 చదరపు మీటర్లు. 44 టవర్లకు దాదాపు 70 సెంట్లు. 200 శాతం చొప్పున 56 లక్షలు. టవరు చోటు కోసం ఎంత బేరమాడినా అసలు భారం కారిడారులోనే ఉందని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. ఊరి పొలిమేరలో భూమి విలువ ఒక సర్వే నంబరుకు మరో సర్వే నంబరుకు మారుతుంది కనుక గ్రామానికి ఒక సగటు వేయకుండా, సర్వే నంబర్ల వారీగా వేయండి. ఇది శ్రమే, కానీ రైతుకు న్యాయంగా దక్కవలసినది అంచనాలోనే తక్కువ రాస్తే, తరువాత పొలంగట్టు మీద నిలబడి ఆయనకు జవాబు చెప్పవలసింది మనమే.

పంట నష్టానికి నెలల లెక్క ముఖ్యం. డెల్టాలో వరి కోశాక మినుము పడుతుంది. అది చేతికొచ్చి, మళ్లీ నారుమళ్లు వేసేలోపు, అంటే దాదాపు మార్చి నుంచి జూన్ మధ్య, తీగ లాగితే నష్టం తక్కువ. గుంటూరు మెట్టలో మిర్చి కోతలు ముగిసేవరకు ఆగాలి. మిర్చి చేలో ఒక్క స్పాను తీగ ఈడ్చినా పోయేది వరి చేనులో పోయే దానికంటే ఎన్నో రెట్లు.

9. రేట్లు, పన్నులు, మొత్తం

కొలతలన్నీ తేలాకే రేట్ల దగ్గరకు రావాలి. వరుస ఇది: సరుకు ధర, రవాణా, బీమా, జీఎస్టీ, ఎరెక్షన్ (నిలబెట్టి బిగించే పని), సివిల్ పనులు, భవన నిర్మాణ కార్మికుల సెస్సు 1 శాతం, ఆకస్మిక ఖర్చులు, పర్యవేక్షణ, నిర్మాణ కాలపు వడ్డీ. చివరి మూడింటికి మీ సంస్థ నిర్ణయించిన శాతాలే వాడాలి.

సప్లై ఒక షెడ్యూలు, ఎరెక్షన్ ఒక షెడ్యూలు, సివిల్ ఒక షెడ్యూలుగా విడదీయండి. జీఎస్టీ పొరపాటు చాలా ఖరీదైనది. ధర 100 అయితే 18 శాతంతో 118. ఎస్ఎస్ఆర్ రేటులో పన్ను ఇప్పటికే కలిసి ఉన్నదని చూసుకోకుండా మళ్లీ 18 శాతం వేస్తే 139.24 అవుతుంది. ప్రతి రేటు పక్కన "పన్ను కలిపి" లేదా "పన్ను కాక" అని రాసే ఒక గడి పెట్టండి.

అల్యూమినియం, రాగి, ఉక్కు ధరలు నెలనెలా కదులుతాయి. రేటు ఏ నెలదో రాసి, ధరల వ్యత్యాసానికి ఐఈఈఎంఏ (విద్యుత్ పరికరాల తయారీదార్ల సంఘం) సూత్రం వర్తించే సామాను ఏదో గుర్తుపెట్టండి.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

అటు చివరి బేలు మరవడం: సింగిల్ లైన్ డయాగ్రంలో లైను తగిలే ప్రతి చోటా వేలుపెట్టి లెక్కించండి.

పాత అంచనాను కాపీ చేసి పొడవు మాత్రం మార్చడం: పాత దానిలోని నేల ఇక్కడ లేదు. నేల పట్టిక ఖాళీ చేసి కొత్తగా నింపండి.

టవరు ఎక్స్‌టెన్షన్లు వదిలేయడం: హైవే, కాలువ గట్టు, పాత లైను దాటే ప్రతి చోటా 3 మీటర్లు, 6 మీటర్లు అదనపు ఎత్తు కావాలేమో ప్రొఫైల్‌లో చూడండి. 132 కేవీకి నేల నుంచి కనీస ఎత్తు 6.1 మీటర్లు, రోడ్డు మీద, రైలు మీద అంతకంటే ఎక్కువ.

యూనిట్లు కలిసిపోవడం: కిలో, టన్ను, మీటరు, సెట్టు, స్ట్రింగు. షీటు వేరొకరికి ఇచ్చి, యూనిట్ల గడి ఒక్కటే చదవమనండి.

మొత్తం సంఖ్యను పక్క లైనుతో పోల్చకపోవడం: కిలోమీటరుకు ఎంత పడిందో లెక్కించి, ఇటీవల అదే ప్రాంతంలో ముగిసిన పనితో పోల్చండి. తేడా వస్తే కారణం ఒక వాక్యంలో రాయగలగాలి.

11. సంతకానికి ముందు, సంతకం తరువాత

☐ టవర్లు, స్ట్రింగులు, ఫౌండేషన్ల సంఖ్యలు ఒకదానితో ఒకటి సరిపోయాయి
☐ లైను, సబ్‌స్టేషను అంచనాల సరిహద్దు ఎక్కడో రాసి ఉంది
☐ ప్రతి రేటుకూ సంవత్సరం, పన్ను స్థితి ఉన్నాయి
☐ ట్రయల్ పిట్ ఫొటోలు తేదీలతో ఫైలులో ఉన్నాయి
☐ వరద మట్టం, యార్డు మట్టం రెండూ అంకెల్లో ఉన్నాయి
☐ పరిహారం సర్వే నంబర్ల వారీగా ఉంది

పని మొదలయ్యాక ఫైలు మూసేయవద్దు. మొదటి 5 ఫౌండేషన్లు పూర్తికాగానే తవ్వకం, కాంక్రీటు, పంపు గంటలు ఎంత అయ్యాయో అంచనా పక్కన రాయించండి. నేల రకం మారి ఉంటే మిగిలిన 39 టవర్లకు ఆ వారంలోనే పట్టిక సరిచేసి, సవరించిన మొత్తాన్ని పైఅధికారికి పంపండి. స్ట్రింగింగ్ (తీగ లాగడం) దాకా ఆగితే, ఆ సరికి స్టీలు, సిమెంటు ఆర్డర్లు పాత లెక్కతోనే వెళ్లిపోయి ఉంటాయి.